మేస్త్రిని అడగండి: చక్రం బేరింగుకు ఏ గ్రీసు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చక్రాల బేరింగులకు పెట్టే గ్రీసు గురించి అడిగినవే ఎక్కువ. నాకు చాలా సంతోషం వేసింది. విజయవాడ ఆటోనగర్‌లో నేను పనిలో చేరింది 1986లో. మొదటి ఆరు నెలలూ హబ్బులు (చక్రం బిగించే నడిమి దిమ్మలు) విప్పడం, బేరింగులు కడగడం, అరచేత్తో గ్రీసు పట్టించడం తప్ప మా గురువుగారు నాకు ఇంకో పని చెప్పలేదు. ఇంజన్ ముట్టుకోనివ్వలేదని అప్పట్లో బాధపడ్డాను. చక్రం ఊడితే ఇంజన్ ఎంత మంచిదైనా ఉపయోగం లేదని ఆయనకు తెలుసు. అందుకే ఈసారి పేజీ మొత్తం గ్రీసుకే ఇస్తున్నాను.

ప్రశ్న: మాది తెనాలి. అమెరికాలో ఆస్టిన్‌లో ఉంటున్నాను. 1993 నాటి ఫోర్డ్ మస్టాంగ్ 5.0 కొని రెండేళ్లుగా బాగుచేసుకుంటున్నాను. ఇటీవల ఇక్కడి సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో ట్రాక్ డేకి (సొంత కారును రేసు ట్రాక్ మీద నడపనిచ్చే రోజు) తీసుకెళ్లాను. మూడో సెషన్ అయ్యాక ముందు చక్రాల దగ్గర కమురు వాసన వచ్చింది. ఇంటికొచ్చి విప్పితే లోపలివైపు సీల్ దాటి గ్రీసు కారి రోటర్ (బ్రేకు పళ్లెం) మీదకు చిమ్మి ఉంది. లోపల మిగిలింది ముదురు గోధుమరంగులో, పల్చగా ఉంది. స్పీడు ఎక్కువ కాబట్టి ప్రత్యేకంగా రేసింగ్ గ్రీసు వాడమని ఒక మిత్రుడు, మాలీ (మాలిబ్డినం డైసల్ఫైడ్ పొడి) కలిసిన నల్ల గ్రీసు వాడమని ఇంకొకరు చెబుతున్నారు. మళ్లీ ట్రాక్‌కి వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం వాడమంటారు?

జవాబు: ముందు గ్రీసు సంగతి పక్కన పెట్టి బ్రేకులు చూడండి బాబూ. గ్రీసు తాగిన ప్యాడ్లు ఇక పనికిరావు. ఎంత తుడిచినా వేడెక్కినప్పుడు లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. కొత్తవి వేయండి. రోటర్‌ని బ్రేక్ క్లీనర్‌తో శుభ్రంగా కడగండి. ఆ తర్వాతే మిగతా మాట.

మీ మిత్రుడు స్పీడు అన్నారు. స్పీడు లెక్క ఒకసారి వేసి చూద్దాం. మీ కారు టైరు 225/55 ఆర్16 అయితే దాని ఎత్తు దాదాపు 65 సెంటీమీటర్లు. ఒక్క చుట్టు తిరిగితే రెండు మీటర్లకు కాస్త పైగా పోతుంది. గంటకు 180 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం నిమిషానికి 1,460 చుట్లు తిరుగుతుంది. మీ వంటింట్లో మిక్సీ మోటారు నిమిషానికి 18 వేల చుట్లు తిరుగుతుంది. బేరింగుల లోకంలో 1,460 చుట్లంటే మామూలు నడక. పేరున్న కంపెనీ చేసిన ఏ బేరింగు గ్రీసైనా ఈ వేగాన్ని తట్టుకుంటుంది. మీ గ్రీసు వేగం వల్ల చెడిపోలేదు.

వేడి వల్ల చెడిపోయింది. ఆ వేడి బేరింగులో పుట్టింది కాదు, బ్రేకులో పుట్టింది. మీరు, కారు కలిపి 1,500 కిలోలు అనుకుందాం. ఆ ట్రాక్ వెనకవైపు పొడవాటి స్ట్రెయిట్ చివర 180 నుంచి 80కి తగ్గించారనుకోండి. ఆ కొద్ది సెకన్లలో సుమారు 15 లక్షల జౌల్స్ శక్తి వేడిగా మారుతుంది. అందులో 70 శాతం ముందు బ్రేకుల మీద పడితే, ఒక్కో ముందు రోటర్‌కి చేరే వేడి ఒకటిన్నర లీటరుకు పైగా నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. ఇది ఒక్క మలుపు దగ్గరి సంగతి. ఆ ట్రాక్ చుట్టు 5.513 కిలోమీటర్లు, మలుపులు 20. అన్నింటికీ ఇంత బ్రేకు పడదు, కానీ గట్టిగా తొక్కాల్సినవి చుట్టుకు మూడు నాలుగైనా ఉంటాయి. సెషన్ 20 నిమిషాలు సాగితే రోటర్‌కి చల్లారే తీరిక ఉండదు.

మీ కారులో ఇంకో ఇబ్బంది ఉంది. ఆ తరం మస్టాంగ్‌కి ముందు రోటరూ హబ్బూ ఒకే పోత. బేరింగు కప్పులు (బయటి రింగులు) నేరుగా ఆ పోతలోనే దిగి ఉంటాయి. అంటే పొయ్యి మీది పెనం మధ్యలో బేరింగు కూర్చున్నట్టు. రోటర్‌కి తగిలిన వేడి అడ్డం లేకుండా గ్రీసులోకి దిగుతుంది. ఈ కాలం కార్లలో రోటర్ వేరు, హబ్బు వేరు. మధ్యలో ఉండే అతుకు వేడిని కొంత ఆపుతుంది. మీకు ఆ అదృష్టం లేదు కాబట్టే మామూలు రోడ్డు కారుకు సరిపోయే గ్రీసు మీకు చాలలేదు.

గ్రీసు అంటే ఏమిటో తెలిస్తే ఎంపిక సులువవుతుంది. మా తాతగారి ఊళ్లో ఎడ్లబండి కింద కందెన గొట్టం వేలాడుతుండేది. వరిగడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి ఇరుసుకు రాసేవారు. ఇరుసుకు పనిచేసేది ఆముదం. అది కారిపోకుండా పట్టి ఉంచేది మసి. ఈనాటి గ్రీసూ అంతే. పనిచేసే నూనె ఒకటి, దాన్ని స్పాంజిలా పట్టి ఉంచే సబ్బు ఒకటి, తుప్పు పట్టకుండా, అరగకుండా కొన్ని మందులు. లిథియం గ్రీసులోని సబ్బును ఆముదం నుంచి తీసిన కొవ్వు ఆమ్లంతోనే చేస్తారు. మహబూబ్‌నగర్, నల్గొండ చెలకల్లో పండే ఆముదానికీ మీ మస్టాంగ్ హబ్బుకీ అంత దగ్గర చుట్టరికం ఉంది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

ఈ సబ్బు ఏ వేడి దగ్గర కరిగి చుక్కగా జారుతుందో దాన్ని డ్రాపింగ్ పాయింట్ అంటారు. పాతకాలపు క్యాల్షియం గ్రీసు 100 డిగ్రీల లోపే జారిపోతుంది. మన ఆటోనగర్‌లో ఏపీ3 అని అడిగితే ఇచ్చే మామూలు లిథియం గ్రీసు 180, 190 డిగ్రీల దగ్గర జారుతుంది. లిథియం కాంప్లెక్స్ అయితే 260 చుట్టుపక్కల. క్యాల్షియం సల్ఫొనేట్ కాంప్లెక్స్ 300 వరకు, ఆపైన కూడా నిలబడుతుంది. అయితే 260 అని రాసి ఉందని 250 దాకా వాడేద్దామనుకోకూడదు. సబ్బు కరగడానికి చాలా ముందే నూనె మాడడం మొదలవుతుంది. 70 డిగ్రీలు దాటాక ప్రతి 15 డిగ్రీలకూ గ్రీసు ఆయుష్షు సగానికి పడిపోతుందని బేరింగు కంపెనీలు లెక్క చెబుతాయి. ఆ లెక్కన 70 దగ్గర 16 నెలలు బతికే గ్రీసు 130 దగ్గర ఒక్క నెల బతుకుతుంది. మీకు గోధుమరంగులో కనిపించింది ఆ మాడిన నూనే.

కాబట్టి డబ్బా తిప్పి వెనక చదవండి. జీసీ-ఎల్‌బీ అనే గుర్తు ఉండాలి. జీసీ అంటే చక్రం బేరింగులకు ఇచ్చే పై తరగతి. ఆ గుర్తు రావాలంటే గ్రీసు డ్రాపింగ్ పాయింట్ కనీసం 220 ఉండాలి, 160 డిగ్రీల వేడిలో నడిపే చక్రం బేరింగు పరీక్షలో 80 గంటలు నిలవాలి. ఎల్‌బీ అంటే ఛాసిస్‌కి పనికొచ్చే తరగతి. గట్టిదనం నంబరు 2. సబ్బు లిథియం కాంప్లెక్స్. నూనె సింథటిక్ అయితే మీలాంటివాళ్లకు మేలు, ఎందుకంటే అది మినరల్ నూనె కంటే ఆలస్యంగా మాడుతుంది. నూనె చిక్కదనం 40 డిగ్రీల దగ్గర 220 సెంటీస్టోక్స్ ఉంటే సరిగ్గా సరిపోతుంది. మొబిల్ 1 సింథటిక్ గ్రీసు ఈ లెక్కకు తూగేదే, మీ ఊళ్లో విడిభాగాల షాపులో దొరుకుతుంది. ఇదే లెక్కకు తూగే వేరే కంపెనీది దొరికినా నిశ్చింతగా కొనండి. రేసింగ్ అనే మాట కోసం రెండింతలు పెట్టక్కర్లేదు.

మాలీ కలిసిన నల్ల గ్రీసు ఒకదాని మీద ఒకటి రాసుకునే చోటికి మంచిది. యాక్సిల్ జాయింట్లు, కింగ్ పిన్నులు అలాంటివి. మీ బేరింగులో రోలర్లు దొర్లాలి. వాటికి మాలీ అవసరం లేదు. జాయింట్ బూటులో వేసే గ్రీసును హబ్బులో పెట్టొద్దు.

ఇక పెట్టే పద్ధతి. సగం బేరింగులు గ్రీసు తప్పు వల్ల కాక పెట్టిన చెయ్యి తప్పు వల్ల పోతాయని నా నమ్మకం. 90లలో చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్తున్న ఒక కాంటెస్సాకి ముందు హబ్బులు నేనే ప్యాక్ చేశాను. ట్రాక్ కదా, ఎక్కువ ఉంటే మంచిదని హబ్బు నోటిదాకా కూరాను, క్యాపు నిండా పెట్టి కొట్టాను. నట్టు కూడా గట్టిగా బిగించాను. ఆ యజమాని నాలుగు చుట్లు తిరిగేసరికి గ్రీసు అంతా సీల్ బయటికి వచ్చేసింది. ఎక్కువ గ్రీసుకు పోవడానికి చోటు ఉండదు. రోలర్లు దాన్ని పిసుకుతూనే ఉంటాయి, ఆ పిసుకుడుకే వేడి పుడుతుంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కానీ నీలం రంగు తిరిగిన ఆ రోలర్లు తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడు పడిన బాధ ఇప్పటికీ పోలేదు. ఆ జత బేరింగు నా బల్ల సొరుగులో ఉంది. కొత్త కుర్రాడు చేరినప్పుడల్లా తీసి చూపిస్తాను.

మీరు ఇలా చేయండి. పాత గ్రీసు ఆనవాలు లేకుండా కోనునూ (రోలర్లు ఉన్న లోపలి భాగం) కప్పునూ హబ్బు లోపలినీ కడగండి. డీజిల్‌తో కడిగితే పల్చని నూనె పొర మిగిలి కొత్త గ్రీసును పలచన చేస్తుంది, కాబట్టి చివర బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆరనివ్వండి. గాలి గొట్టంతో కోనును గిర్రున తిప్పకండి. ఎండు రోలర్లు ఆ వేగానికి కేజ్ (వాటిని పట్టి ఉంచే చట్రం) తెంచుకుని ముఖం మీదకు ఎగిరే ప్రమాదం ఉంది. రోలర్ల మీద, కప్పు మీద గోరుతో రాసి చూడండి. గోరు తగిలే గుంట ఉన్నా, నీలం రంగు తిరిగినా కోనూ కప్పూ జతగా మార్చాలి. ఒకటి ఉంచి ఒకటి మార్చడం కుదరదు. తర్వాత అరచేతిలో నిమ్మకాయంత గ్రీసు తీసుకుని, కోను వెడల్పు వైపు అంచును అందులోకి నొక్కుతూ పోండి. రెండో వైపు రోలర్ల సందుల్లోంచి గ్రీసు పురుగుల్లా బయటికి రావాలి. అలా చుట్టూ తిప్పి రెండుసార్లు చేయండి. హబ్బు లోపలి ఖాళీలో మూడో వంతు నుంచి సగం దాకా పెడితే చాలు. క్యాపులో పల్చగా ఒక పూత.

సీల్ కొత్తది వేయండి. మామూలు నైట్రైల్ రబ్బరు సీల్ 100, 120 డిగ్రీల తర్వాత గట్టిపడి పగుళ్లు తీస్తుంది. మీ సైజులో విటాన్ సీల్ దొరికితే అదే కొనండి, 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. నట్టు బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ బిగించి, బేరింగు కుదురుకున్నాక వదులు చేసి, మీ కారు మాన్యువల్‌లో చెప్పిన తేలిక బిగువుకు తేవాలి. ఇలాంటి టేపర్ (ఒకవైపు సన్నబడే రోలర్ల) బేరింగులకు మామూలుగా అంగుళంలో వెయ్యో వంతు నుంచి ఐదు వెయ్యో వంతుల దాకా ప్లే, అంటే వదులు, ఉంటుంది. సన్నటి కదలికను కొలిచే డయల్ గేజ్ పెట్టి చూడండి, చేత్తో ఊపి చెప్పే అంచనా ట్రాక్‌కి సరిపోదు. కొత్త స్ప్లిట్ పిన్ను వేయడం మరవకండి.

ట్రాక్‌లో సెషన్ చివరి చుట్టు బ్రేకు దాదాపు తొక్కకుండా నడిపి చల్లార్చండి. లోపలికి వచ్చి ఆగాక పెడల్ మీద కాలు ఉంచొద్దు. హబ్బు దగ్గర వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. ఆగిన వెంటనే ఒకసారి, పది నిమిషాల తర్వాత ఒకసారి చూడండి. రెండోసారి చూసిందే ఎక్కువగా ఉండొచ్చు, రోటర్ వేడి అప్పుడే హబ్బులోకి దిగుతుంది. ఆ అంకెలు ఒక పుస్తకంలో రాసుకుంటే రోటర్‌ని చల్లబరచడానికి బయటి గాలిని తెచ్చే గొట్టం పెట్టాలా వద్దా అన్నది మీకే తెలుస్తుంది. ప్రతి ట్రాక్ డే తర్వాత క్యాపు తీసి గ్రీసు రంగు చూడండి. మారితే మళ్లీ ప్యాక్ చేయండి. గంట పని, డబ్బా గ్రీసు. మళ్లీ వెళ్లొచ్చాక నాకు రాయండి.

ప్రశ్న: మేము కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాం. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ పోటీకి మా టీమ్ కారు తయారుచేస్తోంది. చక్రాల బేరింగులు నా బాధ్యత. గ్రీసులో 2 కంటే 3 నంబరు పై గ్రేడు కదా, రేసు కారుకు 3 వాడాలా?

జవాబు: నంబరు పెరిగితే గొప్పదని కాదమ్మా, గట్టిదని. 25 డిగ్రీల వేడిలో గ్రీసు గిన్నెలోకి ఒక లోహపు శంకువును వదిలి, అయిదు సెకన్లలో ఎంత లోతు దిగిందో కొలుస్తారు. మిల్లీమీటరులో పదో వంతుల లెక్కన 265 నుంచి 295 దిగితే 2 నంబరు, 220 నుంచి 250 దిగితే 3 నంబరు. అప్పుడే చిలికి తీసిన వెన్నలా ఉంటే 2 అనుకో, డాల్డాలా ఉంటే 3 అనుకో. ఎంత వేడి తట్టుకుంటుందో, ఎంత బరువు మోస్తుందో ఆ నంబరు చెప్పదు. వాటికి సబ్బు రకం, నూనె చిక్కదనం చూడాలి.

మీ కారు తేలిక. ఎండ్యూరెన్స్ పోటీ 22 కిలోమీటర్లు. అంత దూరంలో లిథియం కాంప్లెక్స్ 2 నంబరు గ్రీసుకు ఏమీ కాదు. గట్టి గ్రీసు వేస్తే చక్రం తిరగడానికి ఇంకాస్త బరువవుతుంది. మీ బేరింగులు రెండు వైపులా రబ్బరు సీళ్లతో మూసి వచ్చినవైతే కంపెనీ గ్రీసే ఉంచండి, సీల్ ఊడదీయొద్దు.

నీ బాధ్యత అన్నావు కాబట్టి ఒకటి చెబుతాను. విద్యార్థుల కార్లు రెండు మూడు చూశాను. వాటిలో బేరింగు చెడేది ట్రాక్ మీద కాదు, ప్రెస్ కింద. బేరింగును అప్‌రైట్‌లోకి (చక్రాన్ని కారుకు పట్టి ఉంచే భాగం) దించేటప్పుడు బయటి రింగు మీదే ఒత్తాలి. షాఫ్టు మీదకు ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే ఒత్తాలి. తారుమారైతే ఒత్తిడంతా గోళీల మీదుగా పోయి రింగుల్లో సన్నటి గుంటలు పడతాయి. కంటికి కనిపించవు, చేత్తో తిప్పితే గరగరమంటాయి. బయటి రింగుకు ఒకటి, లోపలి రింగుకు ఒకటి సరిపడే గొట్టం ముక్కలు రెండు లేత్ మీద తయారు చేయించి నీ టూల్ బాక్సులో పెట్టుకో తల్లీ. మీ టీమ్‌కి నా ఆశీస్సులు.

ప్రశ్న: హైదరాబాద్, కొండాపూర్ నుంచి రాస్తున్నాను. నాది స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245. ఔటర్ మీద 80 దాటితే ముందు నుంచి హోరుమని శబ్దం. బేరింగుకు మంచి గ్రీసు పెట్టిస్తే తగ్గుతుందా? ఒక మెకానిక్ సిరంజితో సీల్ పక్కనుంచి గ్రీసు ఎక్కిస్తానన్నాడు.

జవాబు: ఎక్కించుకోకండి. మీ కారు బేరింగు హబ్బుతో కలిసి మూతపడి వచ్చిన యూనిట్. గ్రీసు ఏదో, ఎంతో తయారుచేసినవాళ్లే నిర్ణయించి మూసేశారు. సూది గుచ్చితే సీల్ పెదవి తెగుతుంది. ఎక్కించిన గ్రీసు లోపలిదానితో కలుస్తుందో విరుగుతుందో తెలీదు. పైగా గ్రీసు పెడితే శబ్దం నాలుగు రోజులు తగ్గినా, రింగు మీద రేగిన పెచ్చు మళ్లీ పూడదు.

ముందు శబ్దం టైరుదో బేరింగుదో తేల్చండి. ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంలో పోతూ స్టీరింగ్ కాస్త ఎడమకు, కాస్త కుడికి తిప్పండి. ఎడమకు తిప్పినప్పుడు బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే చాలావరకు కుడి బేరింగే. ఎటు తిప్పినా మారకపోతే టైర్లు చూపించండి.

బేరింగే అయితే యూనిట్ మార్చడం తప్ప దారి లేదు. మార్చేటప్పుడు మీరు దగ్గర నిలబడి మూడు విషయాలు చూసుకోండి. యాక్సిల్ బోల్టు కొత్తది వేయాలి. దాన్ని టార్క్ రెంచితో, తర్వాత చెప్పిన కోణానికి బిగించాలి, ఇంపాక్ట్ గన్‌తో కాదు. బిగింపు పూర్తయ్యేదాకా కారు బరువు ఆ చక్రం మీద పడకూడదు. బోల్టు వదులుగా ఉండగా కారు దించి నాలుగడుగులు నెడితే కొత్త బేరింగు ఆ నాలుగడుగుల్లోనే దెబ్బతింటుంది. ఏబీఎస్ సెన్సర్ చదివే అయస్కాంతపు రింగు ఆ బేరింగు సీల్‌లోనే ఉంటుంది. కొత్త యూనిట్‌ని అయస్కాంతపు ట్రేలో పెట్టనివ్వకండి.

ప్రశ్న: నరసరావుపేట. నేను డాక్టర్ని. పుణెలో తయారైన 1996 మెర్సిడెస్ ఇ220 నా దగ్గర ఉంది. ప్రాణంగా చూసుకుంటాను. ముందు చక్రాల గ్రీసు మార్చాల్సి వచ్చింది. లోపల ఉన్నది ఆకుపచ్చ. మెకానిక్ దగ్గర ఉన్నది నీలం. రెండూ హై టెంపరేచరే, పైన కొంచెం పెడదామంటున్నాడు. పెట్టించమంటారా?

జవాబు: డాక్టరుగారూ, రంగు చూసి రక్తం గ్రూపు చెప్పగలరా? గ్రీసు రంగు కంపెనీ కలిపిన అద్దకం, అంతే. ఒక కంపెనీ నీలం లిథియం కాంప్లెక్స్ కావొచ్చు, ఇంకో కంపెనీ నీలం పాలీయూరియా (సబ్బు లేకుండా చేసే వేరే రకం) కావొచ్చు. లోపల ఉన్న ఆకుపచ్చ ఎవరిదో మీకూ తెలీదు, మీ మెకానిక్‌కూ తెలీదు.

లిథియం, లిథియం కాంప్లెక్స్ కలుస్తాయి. పాలీయూరియా చాలావాటితో పొసగదు. బంకమట్టితో చేసే బెంటోన్ గ్రీసు లిథియంతో కలిస్తే రెండూ పట్టు వదిలేసి పలచబడతాయి. అలా ఒకసారి నా షాపులోనే జరిగింది. తొందరలో ఒక కారుకు పాత గ్రీసు పూర్తిగా కడగకుండా కొత్తది పెట్టి పంపాను. రెండు వారాలకు తిరిగొస్తే హబ్బులోంచి గ్రీసు మజ్జిగలా కారింది. రెండూ విడివిడిగా మంచి గ్రీసులే. బేరింగులు, సీళ్లు నా ఖర్చుతో మార్చి ఇచ్చాను. అప్పటి నుంచి మా దగ్గర గ్రీసు మార్చిన ప్రతి కారుకూ చిన్న కాగితం మీద గ్రీసు పేరు, తేదీ రాసి బానెట్ లోపల అంటిస్తున్నాం.

కాబట్టి మొత్తం కడిగించి, జీసీ గుర్తున్న లిథియం కాంప్లెక్స్ 2 నంబరు పెట్టించండి. మీ కారు టేపర్ బేరింగులకు ప్లే చాలా తక్కువ, 0.01 నుంచి 0.02 మిల్లీమీటర్లు. డయల్ గేజ్ లేకుండా అంత సన్నటి కొలత ఎవరికీ దొరకదు. గేజ్ ఉన్న షాపుకే తీసుకెళ్లండి. గుంటూరులోనో, లేకపోతే ఆటోనగర్‌లోనో దొరుకుతారు.

ప్రశ్న: విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా పోలో జీటీ రెండు రోజులు నీళ్లలో ఉంది. ఇంజన్, సీట్లు బాగుచేయించాం. ఇప్పుడు వెనక చక్రాల నుంచి గరగరమని వస్తోంది. గ్రీసు పోయిందా?

జవాబు: ఆ వరద తర్వాత మా వీధికి వచ్చిన కార్లలో చాలావాటికి ఇదే కథ అమ్మా. అందరూ ఇంజన్ చూశారు, చక్రాల జోలికి పోలేదు. ముంచిన నీళ్లు సీల్ పెదవి దాటి లోపలికి దిగితే గ్రీసు పాలలా తెల్లబడుతుంది, రోలర్ల మీద, గోళీల మీద తుప్పు మచ్చలు పడతాయి. ఆ మచ్చలే ఇప్పుడు గరగరమంటున్నాయి. మీ కారువి మూసి ఉన్న బేరింగులు కాబట్టి కడిగి బాగుచేయడం కుదరదు. వెనక రెండూ మార్చేయండి. ముందువి కూడా జాకీ మీద లేపి చేత్తో తిప్పి చూడమనండి. బ్రేక్ ఆయిల్ అప్పుడు మార్చకపోతే ఇప్పుడైనా మార్చించండి. వరద నీళ్లలో ఉన్న బండికి అది ఆలస్యం చేయకూడదు.

ప్రశ్న: కర్నూలు. నాలుగేళ్ల కిందట కొన్న గ్రీసు డబ్బా తెరిస్తే పైన నూనె తేలి ఉంది. పాడైనట్టేనా?

జవాబు: పల్చగా తేలితే పాడైనట్టు కాదు. సబ్బు పట్టు నుంచి కొంచెం నూనె ఊరడం గ్రీసు స్వభావం, బేరింగులో అది పనిచేసేదీ అలాగే. శుభ్రమైన గరిటెతో కలిపి వాడుకోవచ్చు. అడుగున గట్టిపడి గడ్డలు కట్టినా, పుల్లటి వాసన వచ్చినా, వేళ్ల మధ్య రుద్దితే ఇసుక తగిలినా పారేయండి. కర్నూలు ఎండకు డబ్బా రేకుల షెడ్డులో కాకుండా ఇంట్లో నీడన పెట్టండి. మూత తీసి ఉంచిన డబ్బాలోకి పడే దుమ్మే అన్నిటికంటే ప్రమాదం, కాబట్టి తీసుకున్న వెంటనే మూత బిగించి, మొదటిసారి తెరిచిన తేదీ దాని మీద రాసి ఉంచండి.